చిన్నతమ్ముళ్ల రేవు

నాకిప్పుడు అరవై ఎనిమిదేళ్లు. ఈ కథలో నేను పిరికివాణ్ని. ఆ ముక్క ముందే చెప్పేస్తే మిగతాది చెప్పడం తేలిక.

మా నాన్న మాయెస్త్రో నేరి, మోంతార్సో పట్నంలో పిల్లలకి లాటిన్ వ్యాకరణం చెప్పేవాడు. చదువు నాకు చెప్పాడు, వచ్చింది మా అక్క దియనోరాకి. నేను బెత్తం దెబ్బలు తింటూ విభక్తులు తడబడుతుంటే, పక్కగదిలో ఉన్ని దువ్వుతూ అక్క అక్కణ్నించే తప్పులు దిద్దేది. నాన్న మొదట కసిరాడు. తర్వాత నవ్వాడు. చివరికి నాతో విసిగిపోయి ఆమెకే పాఠం చెప్పడం మొదలుపెట్టాడు. నేను నోటరీనయ్యాను. నోటరీకి పెద్ద లాటిన్ అక్కర్లేదు, నలభై యాభై వాక్యాలు కంఠతా వస్తే దస్తావేజులు రాసుకుంటూ బతికేయవచ్చు. అక్కని ఒక అద్దకంవాడికిచ్చి పెళ్లి చేశారు. నాలుగేళ్లకి అతను జ్వరంతో పోయాడు. ఆమె నా ఇంటికి వచ్చేసింది, తన బట్టల పెట్టెతోనూ నాన్న పుస్తకాలు పదకొండింటితోనూ.

పద్నాలుగు వందల డెబ్బై తొమ్మిది, అక్టోబరు నెల. కొండ మీది రొంకాల్తో ఊరి నుంచి లాపా పిన్ని మా ఇంటికొచ్చింది. మా అమ్మది ఆ ఊరే, ఆమెకి లాపా పినతల్లి కూతురు. వెంట కొడుకు బెత్తోని తీసుకొచ్చింది. పాతికేళ్లవాడు, ఎద్దులాంటి మనిషి, గుమ్మంలో నిలబడి కుడిచేతిని ఎడమచేత్తో పసిపిల్లని మోసినట్టు మోస్తున్నాడు. గుడ్డ విప్పి చూస్తే నాలుగు వేళ్లూ నల్లగా కమిలి, వాచిపోయి, ఏ వేలు ఎటు తిరిగిందో తెలియకుండా ఉన్నాయి.

"ఏం చేశాడు పిన్నీ?" అన్నాను.

"ఏం చేస్తాడ్రా? కాయలేరుకున్నాడు. మా తాత ఏరాడు, మా తాతకి తాత ఏరాడు. వీడేరితే దొంగట. పియెత్రాఫొస్కా మఠం కాపలావాళ్లు చెయ్యి రాతి మీద పెట్టించి కర్రతో కొట్టారు. ఇద్దరు పట్టుకున్నారు, ఒకడు కొట్టాడు."

రొంకాల్తోలో గోధుమ పండదు. కస్తాన్యా చెట్లే వాళ్ల పొలం. ముళ్ల డొప్పలోంచి రాలిన కాయల్ని ఏరి, నలభై రోజులు పొగలో ఆరబెట్టి, పిండి విసిరితే అదే రొట్టె, అదే జావ, పెళ్లిలో అదే తీపి. ఆ అడవి చుట్టూ మఠంవాళ్లు ఆ ఏడు కంచె కట్టారు. ఐదొందల ఏళ్ల కిందట ఒక చక్రవర్తి ఆ అడవిని మఠానికి దానమిచ్చాడనీ, ఆ శాసనం ఇప్పుడే పాత పెట్టెలో దొరికిందనీ ఆదివారం పూజలో చదివి వినిపించారు.

"లాటిన్‌లో చదివార్రా," అంది లాపా పిన్ని. "మాకేం తెలుస్తుంది? ఆమెన్ అన్నాం. మా అడవి పోతోందని తెలీక ఆమెన్ అన్నాం!"

దియనోరా అప్పటిదాకా బెత్తో వేళ్లకి పుల్లలు కడుతోంది. తల ఎత్తకుండా అంది, "తమ్ముడూ, ఆ శాసనం ఒకసారి చూడాలి."

కేసు బిషప్పు గారి న్యాయస్థానంలో వేశాం. నోటరీకి ఎదుటి పక్షం దస్తావేజుని చూసి నకలు రాసుకునే హక్కుంటుంది. నేను మఠానికి వెళ్లాను. మఠం వ్యవహారాలు చూసే దోన్ ప్లాచిదో అనే సన్యాసి నా ముందే కూర్చున్నాడు. బొద్దుగా, మర్యాదగా ఉంటాడు, మాట్లాడినంతసేపూ గోళ్లు చూసుకుంటాడు. శాసనం పెద్ద తోలుపత్రం. అంచులు పొగచూరి ఉన్నాయి. కింద దారానికి వేలాడుతూ అరచేయంత లక్కముద్ర, దాని మీద సింహాసనంలో చక్రవర్తి బొమ్మ. ఆ ముద్ర చూస్తే నాకు ఒళ్లు గగుర్పొడిచింది. దాన్ని తాకడానికి కూడా భయపడ్డాను. ముద్ర బొమ్మతో సహా అక్షరం పొల్లుపోకుండా రాసుకుని ఇంటికి తెచ్చాను.

దియనోరా పిండి కలుపుతోంది. "చదువు," అంది. చదివాను. మూడో వాక్యం దగ్గర ఆమె చేతులు ఆగాయి. ఐదో వాక్యం దగ్గర నవ్వింది. తర్వాత పిండి చేతులతోనే కాగితం లాక్కుని కిటికీ దగ్గరికి వెళ్లి తనే చదివింది. నవ్వు పోయింది. మెడ ఎర్రబడింది. నా చిన్నప్పుడు ఆ మెడ ఎర్రబడితే నేను బల్ల కింద దూరేవాణ్ని.

"ఇది చక్రవర్తి రాయించింది కాదు. వాడి మునిమనవడు కూడా రాయించలేదు," అంది. "మొన్న రాశారు."

"మొన్నా?"

"నీ పుట్టుకకి కాస్త ముందో వెనకో. బాల్దో, మాటలకి వయసుంటుందిరా. మనుషులకి లేదూ? ఒక మాట పుడుతుంది, పెద్దదవుతుంది, ముసలిదవుతుంది, పోతుంది. ఇదిగో, ఈ మాట చూడు, 'యుద్ధం'కి. ఆ కాలపు లేఖరి ఇలా రాయడు. ఇది మన సంతలో మాటకి లాటిన్ తోక తగిలించడం. ఇక్కడ ఈ క్రియ, నాన్న చెప్పిన పాఠం పుస్తకంలోంచి ఎత్తి పెట్టాడు. రాసినవాడు నాన్న లాంటి పంతులు దగ్గరే చదువుకున్నాడు, పైగా మందమతి."

"మాట తీరు చూసి న్యాయాధికారి ఒప్పుకుంటాడా అక్కా?"

"ఒప్పుకోడు. అందుకే ఇది చూడు." పిండి అంటిన వేలు ఒక వరస మీద పెట్టింది. అడవి హద్దులు. తూర్పున ఎర్రరాయి, దక్షిణాన వాగు, పడమర 'చిన్నతమ్ముళ్ల రేవు'.

ఆ రేవు నాకు తెలుసు. మా కొండల్లో ఎవరికి తెలియదు? వాగు దాటే చోటు. పునీత ఫ్రాన్సిస్ శిష్యుల్ని మేం చిన్నతమ్ముళ్లు అంటాం, చెప్పుల్లేకుండా తిరిగే బూడిదరంగు అంగీల సన్యాసులు. నాకు ఇంకా వెలగలేదు.

"ఫ్రాన్సిస్ పుట్టి ఎన్నాళ్లయింది?" అంది అక్క, మా నాన్న గొంతుతో.

"మూడొందల ఏళ్లు... ఆ మాత్రం."

"మరి ఐదొందల ఏళ్ల కిందట వాగు దగ్గర చిన్నతమ్ముళ్లు ఏం చేస్తున్నార్రా? గురువు పుట్టకముందే శిష్యులు పుట్టారా?"

మర్నాడే ఇద్దరం కంచరగాడిద మీద రొంకాల్తోకి వెళ్లాం. లాపా పిన్ని ఊళ్లో ముసలమ్మల్ని పోగేసింది. రేవుకి ఆ పేరెలా వచ్చిందని అక్క అడిగిందో లేదో అందరూ ఒకేసారి మొదలుపెట్టారు. వరదలో ఇద్దరు చిన్నతమ్ముళ్లు అక్కడ కొట్టుకుపోయారట. వాళ్ల అమ్మమ్మలకి వాళ్ల అమ్మమ్మలు చెప్పారట. అంతకుముందు దాని పేరు తోడేలు రేవు.

"అంతకుముందు అంటే ఎప్పుడు?" అని రాసుకుంటూ అడిగాను.

"నీ కలం పుట్టకముందు," అంది ఒక ముసలమ్మ. అందరూ పకపకా నవ్వారు. దియనోరా నవ్వలేదు. ఒక్కొక్కరి మాటా విడివిడిగా రాయించి కింద ఒక్కొక్కరితో గుర్తు పెట్టించింది.

ఇక మాకు కావలసింది పెద్దమనిషి మాట. మోంతార్సోలో అప్పుడు మెస్సెర్ లత్తాన్సియోని మించిన పండితుడు లేడు. గ్రీకు వచ్చినవాడు. చక్కటి చేతులు, చక్కటి గొంతు. కుర్రాళ్లు కొండలు దాటి ఆయన పాఠాలకి వచ్చేవారు. "వెయ్యేళ్లుగా జనం బురదనీళ్లు తాగుతున్నారు. ఊట దగ్గరికి పోవాలి, మూలం చూడాలి, ఎవడు చెప్పాడని కాదు, నిజమా కాదా అని చూడాలి" అని ఆయన చెప్తుంటే నాలాంటి దద్దమ్మకి కూడా ఒళ్లు పులకరించేది. అంతకు ఆరేళ్ల ముందు దియనోరా ఆయనకి లాటిన్‌లో ఒక ఉత్తరం రాసింది. 'స్త్రీజాతిలో అద్భుతం' అని జవాబు రాశాడు. ఆ జవాబు అక్క దాచుకుంది. గొప్ప కోసం కాదంటూనే దాచుకుంది.

మమ్మల్ని చదువుల గదిలో కూర్చోబెట్టాడు. అక్క రాసింది చదివాడు. మధ్యలో లేచి గదిలో పచార్లు చేశాడు. రేవు సంగతి దగ్గర తొడ చరుచుకున్నాడు.

"అద్భుతం! గురువు పుట్టకముందే శిష్యులు! అమ్మా, దీన్ని రోములో పండితులకి చూపిస్తే నీకు మొక్కుతారు."

"రోము సంగతి తర్వాత గురువుగారూ," అంది దియనోరా. "ఇక్కడ న్యాయాధికారి ముందు ఈ మాట మీరు చెప్పాలి. నన్ను మాట్లాడనివ్వరు. మా తమ్ముడు మాట్లాడగలడు గానీ వాడి మాటకి బరువు లేదు."

"చెప్తాను తల్లీ. ఇది చెప్పకపోతే నేను చదివిన చదువెందుకు?" అన్నాడు. అక్క కాగితాలు ఆయన దగ్గరే ఉంచుకున్నాడు. గుమ్మం దాకా వచ్చి సాగనంపాడు. దారిలో అక్క నా చెయ్యి పట్టుకుని నడిచింది. నాన్న పోయాక ఆమె అలా నడవడం నేను చూడలేదు.

విచారణ నవంబరు మూడో వారం. బిషప్పు గారి హాలు నిండిపోయింది. రొంకాల్తో నుంచి అరవై మంది దిగి వచ్చారు, గొర్రెతోలు కోట్లతో, పొగవాసనతో. బెత్తో చెయ్యి ఇంకా మెడకి కట్టుకునే ఉన్నాడు. మెస్సెర్ లత్తాన్సియో ఆలస్యంగా వచ్చాడు. నడుచుకుంటూ మా బల్ల దాకా వచ్చి, ఆగకుండా దాటి, అవతల దోన్ ప్లాచిదో పక్కన కూర్చున్నాడు.

చోటు పొరబడ్డాడేమో అనుకున్నాను, నిజంగానే.

న్యాయాధికారి పిలవగానే లేచాడు. గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. శాసనంలో కొత్తకాలపు మాటలున్నాయని కొందరు ఆక్షేపించవచ్చునన్నాడు. రేవు పేరు కూడా తర్వాతి కాలానిదేనని ఒప్పుకున్నాడు. అక్క రాసింది రాసినట్టు, ఒక్కొక్కటీ, అదే వరసలో, తనే కనిపెట్టినట్టు చెప్పాడు. చెప్పి, ఇలా ముగించాడు: "ఇవన్నీ దేన్ని చూపిస్తున్నాయి? మోసాన్ని కాదు. అసలు శాసనం ఎప్పుడో కాలిపోయింది. మన తాతల కాలంలో ఒక భక్తిపరుడైన సన్యాసి దాన్ని జ్ఞాపకం నుంచి తిరిగి రాశాడు. రాసేటప్పుడు తన కాలపు మాటలు, తన కాలపు ఊరి పేర్లు వాడాడు. ఇది నమ్మకమైన నకలు. ప్రతి తప్పూ ఆ నకలు రాసినవాడి అమాయకత్వానికి సాక్ష్యం."

అక్క ముఖంలో రక్తం లేదు. ఆమె వేసిన ప్రతి రాయినీ ఏరుకుని వాళ్లకి గోడ కట్టిపెట్టాడు.

అప్పుడామె నా ముందున్న కాగితం లాక్కుని ఒక ముక్క గీకి నా చేతిలో పెట్టింది. 'నకలైతే చక్రవర్తి ముద్ర ఎక్కడిది?' అని ఉంది. అంతే. నాకు ఒక్కసారిగా అర్థమైంది. అసలు కాలిపోతే ముద్ర కరిగిపోతుంది. తాతల కాలంలో రాసిన నకలుకి ఐదొందల ఏళ్ల కిందట చచ్చినవాడు ముద్ర ఎలా వేస్తాడు? ఆ ముద్రని నా కళ్లతో నేనే చూశాను. నకలు రాసుకున్నవాణ్ని నేనే.

న్యాయాధికారి నావైపు తిరిగాడు. "సెర్ బాల్దో, చెప్పుకునేది ఏమన్నా ఉందా? ముందే హెచ్చరిస్తున్నాను. మఠం మీద దొంగ దస్తావేజు నేరం మోపి రుజువు చెయ్యలేకపోతే ఆ నేరం నీదవుతుంది. కలం పోతుంది."

ఆ చీటీ నా అరచేతిలో ఉంది. ఒక్క వాక్యం. లాటిన్ కూడా అక్కర్లేదు. నేను దాన్ని మడిచి చొక్కా చేతిలోకి తోసేసుకున్నాను.

"ఏమీ లేదు ప్రభూ," అన్నాను.

దియనోరా నావైపు చూడలేదు. బల్ల మీద చెయ్యి ఆనించి లేచి నిలబడింది. న్యాయాధికారికేసి కాదు, వెనక్కి తిరిగింది, గోడల వెంట నిలబడ్డ రొంకాల్తో జనంకేసి. మా భాషలో, సంతలో అరిచినట్టు అరిచింది.

"వింటున్నారా! ఇది నకలేనట! అసలు కాలిపోయిందట! మరి నకలుకి చక్రవర్తి ముద్ర ఎక్కడిది? చచ్చినవాడు సమాధిలోంచి లేచొచ్చి వేసి మళ్లీ పడుకున్నాడా?"

ముందు బెత్తో నవ్వాడు. పెద్దగా, గాడిదలా. ఆ నవ్వు గోడ వెంట పాకింది. "ముద్ర ఎవరిది సామీ?" అని ఎవరో అరిచారు. "ముద్ర చూపించండయ్యా!" అని ఇంకెవరో. దోన్ ప్లాచిదో రెండు చేతులూ శాసనం మీద పెట్టి మూసేశాడు. భటులు అక్కని చెరో రెక్కా పట్టుకుని బయటికి ఈడ్చారు. న్యాయాధికారి బల్ల కొట్టి విచారణ ముగిసిందన్నాడు. వారం తిరక్కుండా తీర్పు వచ్చింది: అడవి మఠానిదే. నిండు సభలో గొంతెత్తినందుకు దియనోరా మూడు ఆదివారాలు పెద్దగుడి గుమ్మంలో చెప్పుల్లేకుండా, చేత్తో కొవ్వొత్తి పట్టుకుని నిలబడాలి.

కానీ ముందు ఆ రోజు మెట్ల మీద జరిగింది చెప్పాలి. భటులు వదిలేసిన చోటే ఆమె నిలబడి ఉంది, జుట్టు ఊడిపోయి. లత్తాన్సియో బయటికొచ్చి, ఆమెని చూసి, తప్పించుకుపోకుండా ఆగాడు. ఆ మాత్రం ధైర్యం ఉంది ఆయనకి. నాకు లేనిది.

"తల్లీ, నీకు చెప్పాలి," అన్నాడు. "వాళ్ల పుస్తకాల బీరువా నాకు తెరిచారు. అడుగున, ఎలకలు కొరికిన కట్టలో, ప్రాచీనుల గ్రంథం ఒకటి ఉంది. ప్రపంచంలో ఇంకో ప్రతి లేదు. ఎనిమిది వందల ఏళ్లుగా ఎవడూ చదవలేదు. దాన్ని నాకిస్తామన్నారు. ఆలోచించు. కాయలు ఏటా కాస్తాయి. ఆ గొంతు మళ్లీ పుట్టదు."

"ఆ బీరువా తాళం ఎవరి వేళ్లతో తీశారో తెలుసా?" అంది దియనోరా. "అడుగో, మెడకి కట్టుకుని నిలబడ్డాడు. చూడండి వాడి చెయ్యి. చూడండి!"

ఆయన చూడలేదు. "నువ్వు చదువుకున్నదానివి, నీకైనా అర్థమవుతుందనుకున్నాను."

"అర్థమైంది. సన్యాసులు అడవికోసం అబద్ధమాడారు. మీరు పుస్తకం కోసం ఆడారు. వాళ్లకి అది అబద్ధమని చెప్పే చదువు లేదు, మీకుంది. తేడా అంతే. ఊట ఊట అని ఊరంతా చాటారే, ఊట దాకా వెళ్లి అందులో ఉమ్మొచ్చారు."

ఆయన ముఖం ముడుచుకుని వెళ్లిపోయాడు. లాపా పిన్ని ఆయన వెనక గట్టిగా ఉమ్మింది. దియనోరా నావైపు తిరిగింది. తిడుతుందనుకున్నాను.

"చీటీ ఇటివ్వు," అంది. చొక్కా చేతిలోంచి తీసిచ్చాను. మడత విప్పి, మళ్లీ చదువుకుని, తన జేబులో పెట్టుకుంది. తర్వాత నాలుగు నెలలు నాతో వంటకి సంబంధించిన మాటలే మాట్లాడింది.

మొదటి ఆదివారం ఆమె గుడి గుమ్మంలో నిలబడింది. డిసెంబరు, రాళ్ల మీద మంచు. పూజకొచ్చేవాళ్లు తలదించుకుని దాటిపోతారని న్యాయాధికారి అనుకుని ఉంటాడు. మొదట కొందరు దాటారు కూడా. తర్వాత తోళ్లు శుభ్రంచేసేవాళ్ల వీధి నుంచి వచ్చిన ఆడమనిషి ఒకతె ఆగి, "ఏమ్మా, ముద్ర సంగతేదో అన్నావట, ఏంటది?" అని అడిగింది.

"అడిగినవాళ్లకి చెప్పొద్దని శిక్షలో లేదు," అంది దియనోరా. చెప్పింది. నిదానంగా, మొదటినుంచి చివరిదాకా. మాటలకి వయసుంటుందనీ, చిన్నతమ్ముళ్లనీ, నకలనీ, ముద్రనీ. పూజ మొదలయ్యేసరికి ముప్ఫైమంది ఆమె చుట్టూ ఉన్నారు. లోపల పాదిరి ఖాళీ బెంచీలకి ప్రసంగం చెప్పుకున్నాడు. రెండో ఆదివారం రొట్టెలవాళ్లు, గాడిదలవాళ్లు, చెక్కపనివాళ్లు, కొండ అవతలి రెండూళ్ల జనం కూడా వచ్చారు. ఎవరో ఆమె కాళ్ల కింద గొంగళి వేశారు. ఆమె దాన్ని పక్కకి తన్నేసి రాయి మీదే నిలబడింది. మంచి కోపంలో ఉంది. ఒకడు "పాపం, ఆడమనిషి" అన్నాడు. "జాలి నీ ఇంట్లో పెట్టుకో. ప్రశ్న ఉంటే అడుగు" అంది.

మూడో ఆదివారం శిక్ష రద్దు చేశామని కబురొచ్చింది. ఆమె వెళ్లి నిలబడింది. శిక్ష లేకుండా గుమ్మంలో నిలబడకూడదని చట్టం లేదు గదా.

ఆ చలికాలం రొంకాల్తోలో ఆకలి. గోరువెచ్చటి నీళ్లలో ఎండు బటానీ పిండి కలుపుకుని తాగారు. లాపా పిన్ని చిన్న మనవరాలు ఫిబ్రవరిలో పోయింది. దియనోరా తన పుస్తకాల్లో తొమ్మిది అమ్మేసి ధాన్యం పంపింది. నన్ను అడగలేదు. నేను పంపిన బస్తా మీద నా పేరు చూసి బెత్తో వెనక్కి పంపాడు.

మరుసటి అక్టోబరు వచ్చింది. అడవి మఠానిది. కాయలు రాలాయి. ఏరేవాళ్లు లేరు. రొంకాల్తో నుంచి ఒక్కరు కూడా కూలికి పోలేదు, పక్క రెండూళ్ల నుంచీ పోలేదు. దోన్ ప్లాచిదో స్వయంగా గడప గడపకీ తిరిగాడు. ప్రతి గడపలోనూ ఒకటే ప్రశ్న, ముసలీ ముతకా అందరూ అదే: "ముద్ర ఎవరిది సామీ?" పట్నం నుంచి మనుషుల్ని తెచ్చారు. వాళ్లకి కాయలేరడం వచ్చు గానీ పొగగదిలో ఆరబెట్టడం రాదు. సగం బూజుపట్టింది. పిండిమర మనిషి తన రాయి విరిగిందన్నాడు. రాయి నిక్షేపంగా ఉంది, నేను చూశాను. మిగతావి పందులు తిన్నాయి. ఇంకో ఏడు కూడా అంతే జరిగింది. ఆ రెండేళ్లూ రొంకాల్తోవాళ్లు ఎలా బతికారో వాళ్లకే తెలియాలి. దొంగతనంగా ఏరుకున్నారని మఠం అంది. ఏరుకునే ఉంటారు.

మూడో ఏడు సెప్టెంబరులో దోన్ ప్లాచిదో రాజీకి వచ్చాడు. పై అడవి మఠం ఉంచుకుంటుంది, కింది అడవి మొత్తం, ఊరి వైపుది, రొంకాల్తో జనం ఏరుకోవచ్చు. దస్తావేజు రాయడానికి నన్నే పిలిచారు. వాళ్లకి నేను భయపడే నోటరీనని తెలుసు మరి.

రొంకాల్తో గుడి ముందు బల్ల వేశారు. ఊరంతా చుట్టూ ఉంది. దియనోరా కూడా వచ్చింది, దూరంగా అరుగు మీద కూర్చుంది. దోన్ ప్లాచిదో గోళ్లు చూసుకుంటూ చెప్తున్నాడు, నేను రాస్తున్నాను.

"'పియెత్రాఫొస్కా మఠం, తన దయతో, తన సొంతమైన అడవిలో...'"

నా కలం ఆగింది.

"ఏమైంది సెర్ బాల్దో?"

"ఆ మాట రాయను," అన్నాను. నా గొంతు నాకే వినిపించలేదు. ఇంకోసారి అన్నాను.

"ఏ మాట?"

"దయతో అన్నది. సొంతమైన అన్నది కూడా. 'పూర్వం నుంచి ఉన్నట్టే' అని రాస్తాను."

ఆయన మొదటిసారి గోళ్ల మీంచి కళ్లెత్తాడు. "నీ కలం ఎవరిచ్చిందో మర్చిపోయావా?"

"మర్చిపోలేదు. కావాలంటే తీసుకోండి." కలం ఆయనకేసి చాపాను. సిరా బల్ల మీద చుక్కలుగా పడింది.

"ఇంకో నోటరీని తెచ్చుకుంటాం."

అప్పుడు లాపా పిన్ని ముందుకొచ్చింది. ఆమె రాజీకి ముందునుంచీ సిద్ధమే. 'దయ అని రాస్తే రాయనీ, రొట్టెకి రుచి మారుతుందా' అని దియనోరాతో పోట్లాడింది కూడా. ఇప్పుడు రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని అంది:

"తెచ్చుకోండి సామీ. కానీ మాది ఒకటే గుర్తు, మా వాడు రాసిన దాని కిందే పెడతాం. ఇంకో నోటరీని వెతికి తెచ్చేసరికి కాయలు రాలిపోతాయేమో, చూసుకోండి."

ఊరివాళ్లు నవ్వలేదు. బల్లకి ఇంకాస్త దగ్గరగా జరిగారు. దోన్ ప్లాచిదో చుట్టూ చూశాడు. బెత్తో వంకర వేళ్ల చెయ్యి బల్ల మీద ఆనించి ఉంది, ఆయన చేతికి జానెడు దూరంలో.

"రాయి," అన్నాడు.

రాశాను. నా జన్మలో మంచి చేతిరాతతో రాసింది అదే. క్రిస్మస్‌కి ముందే బిషప్పు గారి న్యాయస్థానం నా కలం రద్దు చేసింది. తర్వాత ఇరవై ఏళ్లు ఊళ్లలో ఉత్తరాలు రాస్తూ బతికాను.

ఆ రోజు కొండ దిగుతూ అక్క ఏమన్నా అంటుందని ఎదురుచూశాను. వాగు దాటాక అంది, "ఆ రోజు హాల్లో అని ఉంటే లాపా పిన్ని మనవరాలు బతికేది."

"తెలుసు."

"తెలుసని తెలుసు. అయినా చెప్తున్నాను."

నాలుగేళ్లకి వెనిస్ నుంచి ఒక పుస్తకం అచ్చయి వచ్చింది. మెస్సెర్ లత్తాన్సియోది, దొంగ శాసనాల్ని పట్టుకోవడం ఎలా అని. పండితులంతా మెచ్చుకున్నారు. మాటలకి వయసుంటుందని మొదటి పేజీలోనే ఉంది. రేవు ఉంది, పేరు మార్చి. నకలూ ముద్రా ఉన్నాయి, 'ఒకానొక తెలివైన స్నేహితుడు అడిగినట్టు' అని. స్నేహితుడు! దియనోరా దాన్ని మొత్తం చదివింది, కూర్చున్న చోటునుంచి లేవకుండా. చదివి, అంచుల్లో నలభై మూడు తప్పులు ఎర్రసిరాతో దిద్ది, ఆయన పాఠశాలకి తనే నడుచుకుంటూ వెళ్లి, పాఠం మధ్యలో, శిష్యులందరి ముందూ బల్ల మీద పెట్టి వచ్చింది. ఏమన్నావని అడిగాను.

"ఏమీ అనలేదు. తొంభై ఆరో పేజీలో విభక్తి కూడా తప్పేనని మాత్రం చెప్పాను."

ఆ పుస్తకం ఇప్పుడు నాలుగోసారి అచ్చులో ఉంది. ఆ తప్పులన్నీ దిద్దారు. ఎవరు దిద్దారో ఎక్కడా రాయలేదు. అక్క పోయి తొమ్మిదేళ్లయింది. చివరిదాకా కోపంగానే ఉంది, చివరి వారంలో పాదిరి వచ్చి అందర్నీ క్షమించమంటే, "నన్ను క్షమాపణ ఎవరడిగారు?" అంది. నిజమే, ఎవరూ అడగలేదు.